కాలర్ లేని మెరుపక్క

కిందటి వారం మెరుపక్క వెలగబెట్టిన ఘనకార్యం మీకు గుర్తుండే ఉంటుంది. గుర్తులేనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను, వివరంగా చెబితే నాకే ఒళ్లు మండుతుంది. బంకదొర ఎత్తుకుపోయిన చిన్ననాటి స్నేహితురాలిని వెతుక్కుంటూ, మూతపడిన రెడీమేడ్ బట్టల గోడౌన్‌లోకి వెంటిలేటర్ పగలగొట్టుకుని దూకింది. బట్టల్లేని ప్లాస్టిక్ బొమ్మల మధ్య, స్తంభానికి వీపు ఆనించి స్టూలు మీద కూర్చుని ఉంది స్నేహితురాలు. "ముట్టుకోకే! ముట్టుకోకే!" అని ఆమె గొంతు చించుకుని అరుస్తూనే ఉంది. సంతోషంలో ఉన్నవాళ్లకు చెవులు పనిచేయవు. మెరుపక్క ఒక్క పరుగున వెళ్లి ఆమెను స్తంభంతో సహా కావలించుకుంది. అంతే, అతుక్కుపోయింది.

పగలు లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌గా, ఆపద వచ్చినప్పుడు అరచేతుల్లోంచి మెరుపులు కొట్టే వీరవనితగా ఊరంతా ఎరిగిన మనిషి ఇప్పుడు నడుం వంచి, గడ్డం స్నేహితురాలి ఎడమ భుజం మీద ఆనించి, రెండు చేతులూ స్తంభానికి అప్పగించి నిలబడి ఉంది. ముక్కుకు జానెడు దూరంలో పెచ్చులూడిన సున్నం. గదిలో ఏం జరుగుతోందో చూసే భాగ్యం కూడా లేదు.

"ఎలా ఉన్నావే?" అంది స్తంభంతో మాట్లాడుతున్నట్టు.

"కాపాడటానికి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నేనా అది?" అంది సూది.

సూది అనేది మెరుపక్క స్కూల్లో పెట్టిన పేరు. సన్నగా ఉంటుంది, మాట గుచ్చుకుంటుంది. పెద్దయ్యాక దర్జీ షాపు పెట్టుకోవడంతో ఆ పేరు ఇంక వదల్లేదు. మెరుపక్క వేసుకునే డ్రెస్ కుట్టింది ఆమే. మెరుపును ఒంట్లో అదుపుచేసి అరచేతుల్లోంచి మాత్రమే బయటికి వదిలేలా, ఒకే ఒక తీగదారం మెడ నుంచి మడమ దాకా తెగకుండా తిప్పి కుట్టింది.

"ఊపిరి ఆడుతోందా?"

"సగం ఆడుతోంది. మిగతా సగం నిన్ను తిట్టడానికి దాచుకున్నా."

హాస్యమాడింది గానీ, ఆ మాటల మధ్య ఆమె రెండుసార్లు ఆగడం మెరుపక్కకు తెలిసింది. బంకదొర ఒంట్లోంచి చెమటకు బదులు బంక కారుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు అంటుకుంటుంది. ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. పొద్దున సూది ఛాతీకి పూసిన బంక ఇప్పుడు సగం ఆరింది. పూర్తిగా ఆరితే పక్కటెముకలు కదలవు, ఊపిరి తీసుకోవడానికి చోటుండదు. ఆ సంగతి సూదికీ తెలుసు.

"వేడి తగిలితే కరుగుతుందిగా ఈ బంక? ఒక్క మెరుపు కొట్టు, పోదాం."

మెరుపక్క ఎదురుగా ఉన్న సున్నం వైపే చూసింది.

"కొట్టవే మొద్దూ!"

"కొట్టలేనే. మఫ్లర్ జరిపి చూడు."

సూదికి కుడిచెయ్యి ఒక్కటే ఖాళీగా ఉంది. కుట్టుపని చేయించుకోవడానికి బంకదొర వదిలిపెట్టిన చెయ్యి అది. ఆ చేత్తో మెరుపక్క మెడ చుట్టూ ఉన్న మఫ్లర్ కిందికి లాగింది. డ్రెస్‌కు కాలర్ లేదు. కాలర్ ఉండాల్సిన చోట రెండు తీగకొసలు బిక్కమొహాలు వేసుకుని పైకి లేచి ఉన్నాయి.

"నా కాలరేదే?" అంది సూది. బిడ్డ తప్పిపోయినట్టుంది ఆ గొంతు.

"మొన్న క్రేన్ మీద జరిగిన కొట్లాటలో ఊడిపోయిందనుకుంటా. ఇంటికెళ్లి చూసుకుంటే లేదు. నీ దగ్గరికి తెద్దామనుకునే లోపలే నిన్నెత్తుకుపోయారు. ఇప్పుడు మెరుపు కొడితే అది మెడ దగ్గర కారిపోతుంది. నా మెడ పక్కన ఉన్నది నీ తలకాయ."

"అంటే చస్తాను."

"మాడిపోతావు."

"అలా విడమరిచి చెప్పకపోతే ఏం?"

అడకత్తెరలో పోకచెక్క అంటారు చూడండి, అది కనీసం ఒంటరిగా ఉంటుంది. వీళ్లిద్దరూ ఒకే అడకత్తెరలో ఇరుక్కున్నారు. మెరుపు కొడితే స్నేహితురాలు మాడిపోతుంది, కొట్టకపోతే ఊపిరాడక పోతుంది. మెరుపక్కకు ఏడుపొచ్చింది. కన్నీళ్లు తుడుచుకోవడానికి చేతుల్లేవు, అవి సూది జాకెట్ మీదే పడ్డాయి.

"ఏడవకు. తడిస్తే ముడతలు పడుతుంది," అంది సూది మెల్లగా. "ఇంకెవరికైనా చెప్పి వచ్చావా?"

"అన్నయ్య బయట వీధిలో ఉన్నాడు. స్కూటర్ మీద దింపింది వాడే. సాయంత్రంలోగా బయటికి రాకపోతే పోలీసుల్ని తీసుకొస్తాడు."

"మీ అన్నయ్యా! మనం బాగుపడ్డట్టే. నా షాపులో అన్నాళ్లు కూర్చుని కుట్లు విప్పడం తప్ప ఇంకేం నేర్చుకోలేదు మహానుభావుడు. అదీ నేను చెప్పిన పద్ధతిలోనే. రెండు కుట్లు వదిలి మూడో కుట్టు కోయడం, తర్వాత దారం లాగేయడం. చక్కగా వచ్చేది, గుడ్డకు చిన్న గాటు కూడా పడేది కాదు."

"అన్నయ్యనేమీ అనకు. సరేగానీ, ఈ బంకదొరకి నీ షాపు ఎలా తెలిసింది? నా డ్రెస్ కుట్టింది నువ్వని ఊళ్లో పిట్టకి కూడా తెలీదుగా?"

సూది మఫ్లర్ అంచు వేళ్లతో నలిపింది.

"ఏమే?"

"కాలర్ లోపల లేబుల్ ఉంది."

"ఏం లేబుల్?"

"షాపు లేబులే. పేరు." గొంతు తగ్గించి, "అడ్రసు కూడా," అంది.

మెరుపక్క ఎన్నో ఆపదలు చూసింది. సొంత దర్జీ కుట్టిపెట్టిన ఆపద మాత్రం ఇదే మొదటిది.

"రహస్యంగా కుట్టమంటే అడ్రసు కుట్టావా?"

"లేబుల్ లేని బట్ట నా షాపు గడప దాటదు! లోపలివైపే కుట్టాగా! అంత మంచి పని జీవితంలో మళ్లీ చేస్తానో లేదో అనిపించిందే. నాదని చెప్పుకునే వీల్లేదు. కనీసం ఆ డ్రెస్‌కైనా తెలియాలిగా, తనని ఎవరు కుట్టారో."

తిట్టాలని నోరు తెరిచిన మెరుపక్కకు తిట్టు రాలేదు. తను చేసిన ప్రతి సాహసానికీ పేపర్లలో తన ఫొటో పడింది. సూదికి మాత్రం, "ఈమధ్య సన్నబడ్డావు, నడుం దగ్గర లోపలికి పట్టాలి" అనడం తప్ప ఇంకో ముచ్చట దక్కలేదు. అది తనకెప్పుడూ తట్టనే లేదని సిగ్గుపడింది.

అంతలో గోడౌన్ వెనక గది తలుపు తెరుచుకుంది.

"ఎవరే?" అంది స్తంభం చూస్తున్న మెరుపక్క.

"వాడే. బావమరిదిని కూడా తోలుకొచ్చాడు. కొత్త డ్రెస్ వేసుకున్నాడు." సూది గొంతులో భయం పోయి చిరాకు వచ్చింది. "అయ్యో, అప్పుడే ఎందుకు వేసుకున్నాడు!"

బంకదొర నిండుగా, వంకాయ రంగు డ్రెస్‌లో, కొత్త పెళ్లికొడుకులా నడిచి వచ్చాడు. అతను సూదిని ఎత్తుకొచ్చిందే దీనికోసం. ఒంట్లో బంకను ఒంట్లోనే ఆపే డ్రెస్ కావాలి. ఇన్నేళ్లుగా అతను ముట్టుకున్న గ్లాసు చేతికి అంటుకునేది, కూర్చున్న కుర్చీ వెనకే వచ్చేది. వస్తువులన్నీ పట్టకారుతో పట్టుకోవాలి. అన్నం బావమరిది తినిపించాలి. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారుగానీ, ఈ బావమరిది కోరేది రోజుకు రెండు పూటల భోజనం, మధ్యలో ఒక కునుకు.

"చూశావా దర్జీ? రేపు, రేపు అని తిప్పించావు. నేనే వేసేసుకున్నా. ఎక్కడా అంటుకోవట్లేదు!" అంటూ బంకదొర ఒక ప్లాస్టిక్ బొమ్మ చెయ్యి పట్టుకుని ఊపి వదిలాడు. వదలగలిగాడు. ఆ సంతోషంలో అతని కళ్లు చెమర్చాయి. "షేక్ హ్యాండ్ ఇచ్చాను చూశావురా బావమరిదీ!"

"బొమ్మకే కదా బావా."

"నోర్ముయ్. ఇక నా ఇష్టం. ఈ డ్రెస్‌తో వీధిలోకి మామూలు మనిషిలా నడిచి వెళ్తా. ప్రతి ఇంటి తలుపుకీ రాస్తా. ఊరు ఊరంతా ఎవరి ఇంట్లో వాళ్లు ఉండిపోవాలి. నన్ను చూసి తలుపులేసుకున్నారుగా ఇన్నాళ్లూ, ఇంక తెరుచుకోలేరు."

"అయ్యా, నా మాట వినండి," అంది సూది. "అది పూర్తి కాలేదు. ట్రయల్ వెయ్యకుండా నేను పక్కా కుట్టు వెయ్యను. అది ఉత్త కచ్చా కుట్టు. కొలత సరిపోయిందో లేదో చూడటానికి, ముక్కలన్నీ ఒకే పొడుగు దారంతో ఊరికే నిలబెట్టా. నిజంగానే రేపు ఇస్తా."

"దర్జీలందరూ అనేదే అది!" అని నవ్వాడు బంకదొర. "పెళ్లికి కుట్టమంటే పురుడుకి ఇస్తారు."

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. సూది అబద్ధం ఆడలేదు. ఎత్తు వేయలేదు. ప్రాణం మీదికొచ్చినా ట్రయల్ లేకుండా పక్కా కుట్టు వేయడం ఆమె వల్ల కాలేదు, అంతే. ఇన్నేళ్లుగా వాయిదా వేయడానికి వాడిన 'రేపు' అనే మాట, నిజంగా అవసరమైన రోజున ఎవరూ నమ్మలేదు.

బంకదొర పట్టకారుతో జేబులోంచి ఒక వస్తువు తీసి సూది మొహం ముందు ఆడించాడు.

"ఏంటే అది?" అంది మెరుపక్క.

"నా కాలర్," అంది సూది.

"ఈ లేబుల్ చూసే నీ అడ్రసు పట్టా. చెత్తకుండీలో దొరికిందట మా వాడికి. పుట్టాక వీడు చేసిన మంచి పని ఇదొక్కటే," అన్నాడు బంకదొర.

"మెరుస్తోందని ఏరుకున్నా బావా," అన్నాడు బావమరిది వినయంగా.

క్రేన్ మీద ఊడిన కాలర్ చెత్తకుండీలోకి ఎలా వచ్చిందబ్బా అని మెరుపక్క మనసులో ఒక ముల్లు కదిలింది. ఆలోచించే తీరిక దొరకలేదు.

"బావా, నీ వీపు మీద దారం వేలాడుతోంది."

"లాగకు!" అని కేక పెట్టింది సూది. వృత్తి నేర్పిన కేక అది. ఆ క్షణంలో బంకదొర మంచిచెడ్డలు ఆమెకు గుర్తులేవు, కుట్టు ఊడుతుందన్నదొక్కటే గుర్తుంది.

శత్రువు వద్దన్న పని చేయడమే బావకు మేలు అనుకున్నాడు బావమరిది. దారం కొస పట్టుకుని సర్రున లాగాడు.

ముందు డ్రెస్ ఎడమ చెయ్యి ఊడింది. తర్వాత కుడి చెయ్యి. తర్వాత ముందుభాగం ముందుకీ, వెనకభాగం వెనక్కీ పడ్డాయి. డ్రెస్ లోపల అప్పటిదాకా ఆగిన బంకంతా ఒక్కసారిగా బయటపడింది. బంకదొర జారి బావమరిది మీద పడ్డాడు, బావమరిది బొమ్మల మీద పడ్డాడు, బొమ్మలు వరసగా ఇద్దరి మీదా పడ్డాయి. కాసేపటికి ఏ చెయ్యి మనిషిదో ఏ చెయ్యి ప్లాస్టిక్‌దో చెప్పలేకుండా అయింది.

"రేపన్నావుగా!" అని మూలిగింది ఆ కుప్ప.

"రేపనే అన్నాగా! విన్నారా?" అంది సూది.

పట్టకారు ఎటో ఎగిరింది. కాలర్ మాత్రం తనను కుట్టిన మనిషి ఒళ్లోనే వచ్చి పడింది. జరిగిందంతా చెప్పించుకున్న మెరుపక్క స్తంభం వైపు మొహం పెట్టుకునే గట్టిగా నవ్వింది. నవ్వుతూ ఉండగా స్నేహితురాలు నవ్వట్లేదని గమనించింది. సూదికి నవ్వేంత ఊపిరి లేదు. ఆ కేకతో ఉన్నదంతా ఖర్చయిపోయింది.

"కుట్టేయ్. తొందరగా కుట్టేయ్," అంది మెరుపక్క.

సూది తన జాకెట్ భుజానికి ఎప్పుడూ గుచ్చి ఉంచుకునే దారమెక్కించిన సూదిని తీసింది. ఒక్క చేత్తో, కాలర్‌ను గడ్డంతో అదిమిపెట్టి, స్నేహితురాలి మెడ మీద మొదటి కుట్టు వేసింది. రెండో కుట్టుకు ముందు ఊపిరి కోసం ఆగింది. స్తంభం మీది సున్నం చూస్తూ నిలబడ్డ మెరుపక్క చెవికి ఆ చిన్న చిన్న ఊపిరులు ఒక్కొక్కటీ వినిపిస్తున్నాయి.

సగం మెడ తిరిగాక సూది చెయ్యి ఆగిపోయింది.

"ఏమైందే?"

"ఇది కొట్లాటలో ఊడింది కాదే." కాలర్ అంచున మిగిలిన పాత దారాలను వేలితో తడిమింది. "చిరిగితే గుడ్డ పీలికలవుతుంది. ఇది శుభ్రంగా ఉంది. రెండు కుట్లు వదిలి మూడోది కోశారు. గాటు కూడా పడలేదు."

సూది ఆ కోతను ఇంకోసారి తడిమి చూసింది.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అంది సూది. "నేను పట్టుకున్నా. మీ అన్నయ్యకి తప్ప ఆ పద్ధతి నేనెవరికీ నేర్పలేదు."

"అన్నయ్య అలా చెయ్యడు!"

అనేసింది గానీ, పొద్దున స్కూటర్ ఎక్కేటప్పుడు అన్నయ్య మఫ్లర్ వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. ఈ ఎండలో మఫ్లరేంటని ఎవరైనా అడుగుతారు. వాడు అడగలేదు. అంతకుముందు ఒకరోజు భోజనం దగ్గర తన ఎడమ చేతిలోంచి గ్లాసు జారి పగిలితే, వాడు ఏమీ అనకుండా గాజుముక్కలు ఏరడం కూడా గుర్తొచ్చింది.

"ఏమే, నా దగ్గర ఏం దాస్తున్నావు?" అంది సూది.

"ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోందే. మెరుపు కొట్టిన ప్రతిసారీ. మొదట్లో గంటలో తగ్గేది. ఈమధ్య తగ్గట్లేదు. ఇప్పుడు కూడా ఆ చెయ్యి స్తంభం మీద ఉందో లేదో నాకు తెలీట్లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే డ్రెస్ లాక్కుంటావుగా."

"లాక్కునేదాన్నే. వాడు కాలర్ తీసి పారేసింది అందుకే. వాడికున్న బుద్ధి నాకు లేకపోయింది." సూది చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను కుట్టను పో."

"కుట్టకపోతే నువ్వు చచ్చిపోతావు."

"కుడితే నీకేమవుతుందో నాకు తెలీదు."

"చెయ్యి పోతుంది. పోనీ. ఒంటిచేత్తో లిఫ్టులు బాగుచేస్తా. నువ్విప్పుడు ఒంటిచేత్తో కుట్టట్లేదా?" మెరుపక్క ఏడుస్తూనే మాట్లాడింది. "నువ్వు లేని డ్రెస్ నేనేం చేసుకోను? నడుం దగ్గర లోపలికి పట్టాలి అని ఎవరంటారు నన్ను? కుట్టవే, నీ కాళ్లు పట్టుకుంటా."

"పట్టుకోవడానికి నీ చేతులెక్కడున్నాయి మొద్దూ," అంది సూది.

సూదిమొన మళ్లీ మెడ మీద గుచ్చుకోవడం మెరుపక్కకు తెలిసింది. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఆలస్యం పెరిగింది. ఊపిరులు చిన్నవయ్యాయి. అయినా కుట్లు వంకర పోలేదు, ఆ సంగతి తర్వాత చూసినవాళ్లందరూ చెప్పారు.

బయట షట్టర్ దడదడమని మోగింది. ఎవరో ఇనుప కడ్డీతో దాన్ని పైకి లేపుతున్నారు. సందులోంచి ఎండ ఒక చారలా నేల మీద పడింది. ఆ చార వెంట అన్నయ్య గొంతు వచ్చింది, పరుగెత్తి వచ్చినట్టు ఎగశ్వాసతో.

"చెల్లీ! లోపలున్నావా? నేను పారేసిన కాలర్ చెత్తకుండీలో లేదే, దొరికితే కుట్టించుకోకు! మీ లిఫ్టుల కంపెనీ డాక్టర్ నాకు చెప్పాడే, నీకు చెప్పే ధైర్యం లేక నేనే విప్పేశా! చెయ్యి కాదే అది, గుండె! ఇంకొక్కసారి మెరుపు కొడితే ఆగిపోతుందట!"

అప్పటికే సూది ఆఖరి ముడి వేసి, దారాన్ని పంటితో తెంపేసింది. తీగకొసలు రెండూ కలిసి మెడ దగ్గర వెచ్చబడ్డాయి. ఆ వెచ్చదనం భుజాల మీదుగా అరచేతుల్లోకి దిగింది.

"విన్నావటే?" అంది మెరుపక్క.

సూది తల ఆమె భుజం మీదికి వాలింది. మెరుపక్క చెవి రిక్కించి విన్నది. ఇంతసేపూ చెవి పక్కనే వినిపించిన ఊపిరి ఇప్పుడు వినిపించలేదు.